అక్కకు మిగిలిన మాట

పక్షవాతం వచ్చి కాస్త తేరుకున్నాక అక్కకు ఒక్క మాటే మిగిలింది. సంబరం. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నోట్లో ఆ మాటే ఎందుకు నిలిచిందో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. నీళ్లు కావాలన్నా సంబరమే, కిటికీ వేయమన్నా సంబరమే. కూర చప్పగా ఉంటే మూతి తిప్పి మరీ, సాగదీసి అనేది.

కుట్టుపని చేసుకునే చెల్లెలు రెండు నెలల్లో ఆ తేడాలన్నీ పట్టేసింది. "మా అక్క మాటకి అర్థం నన్నడగండి" అని వచ్చినవాళ్లకు గొప్పగా చెప్పుకునేది.

ఒకనాటి పొద్దున అక్క చచ్చుబడిన కాలు పట్టుకుని సంబరం, సంబరం అని మూలిగింది. చెల్లెలు వేడినీళ్ల సంచి పిక్క మీద పెట్టి ముందుగదిలోకి వచ్చింది. అక్కడ ఒకావిడ కొత్త గౌను తొడుక్కుని నిలబడి ఉంది. నడుం దగ్గర గుండుసూదులు పెట్టాలి.

లోపలినుంచి "సంబరం" అని వినిపించింది.

"మీ అక్కగారు హుషారుగా ఉన్నట్టున్నారే" అంది ఆవిడ.

"ఆవిడకేమండీ, అన్నీ మంచం దగ్గరికే వస్తుంటే రోజూ సంబరమే."

ఇద్దరూ నవ్వుకున్నారు.

మళ్లీ వినిపించింది. ఈసారి మాట చివర విరిగింది. చెల్లెలికి తెలిసింది. తెలిసీ, ఇంకో నాలుగు సూదులే కదా అనుకుంది. మూడో పిలుపు కూడా అయ్యాకే లోపలికి వెళ్లింది. సంచి మూత వదులై నీళ్లు కారిపోయి, పిక్కంతా బొబ్బలెక్కింది. కాలు జరుపుకోలేని మనిషి దుప్పటి గుప్పిట బిగించి పట్టుకుని ఉంది.

"ఇంత కాలేదాకా ఎవరూ చూడలేదా?" ఇంటికొచ్చిన డాక్టరు కట్టు కడుతూ అడిగాడు.

"తను చెప్పందే నాకెలా తెలుస్తుందండీ?"

అక్క ఆమె వంక చూసింది. "సంబరం" అంది మెల్లగా.

"ఆవిడే ధైర్యంగా ఉన్నారు" అని డాక్టరు నవ్వాడు.

చెల్లెలికి తల కొట్టేసినట్టయింది. గుమ్మం దాకా వెళ్లిన మనిషిని ఆపింది. "చెప్పింది డాక్టరుగారూ. మూడుసార్లు చెప్పింది. నేనే లేవలేదు."

ఆయన మందుల చీటీ ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఆ మధ్యాహ్నమే కుట్టుమిషను అక్క గదిలోకి ఈడ్చుకొచ్చింది. పుండు మానడానికి నెలన్నర పట్టింది. చివరి కట్టు విప్పిన రోజు, ఆ కాలు ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"నా మీద కోపం పోయిందా అక్కా?"

"సంబరం."

కోపమో, క్షమించడమో, వెక్కిరింతో గొంతులో ఏమీ తెలియలేదు. ఇంకోసారి అనమని అడగడానికి చెల్లెలికి నోరు రాలేదు. తడిగుడ్డ తీసుకుని, మచ్చ చుట్టూ నెమ్మదిగా తుడవసాగింది.