చూపుడువేలి ఇంగ్లీషు

కురోహామా స్టేషన్లో పోయిన సామాన్ల కౌంటర్ దగ్గర హిసానో కూర్చోబట్టి పంతొమ్మిదేళ్ళు. గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు, కట్టుడు పళ్ళు, ఇలా మనుషులు రైల్లో ఏమేం మర్చిపోతారో ఆవిణ్ణే అడగాలి. పెళ్ళి కేకు మర్చిపోయి వెళ్ళినవాడు కూడా ఒకడున్నాడు, వాడే పెళ్ళికొడుకు. అరవై నిండాక కంపెనీ ఏడాదికోసారి కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకుని ఆవిణ్ణి ఉంచుతోంది. మోకాళ్ళు అరిగిపోయాయి, వంగకూడదు, నేలమీద కూర్చోకూడదు అన్నాడు డాక్టరు. కౌంటర్ వెనక కుర్చీ ఉంది కాబట్టి రోజులు గడిచిపోతున్నాయి.

నవంబర్లో నోటీసు పెట్టారు. మంచు మీద జారే సరదాకి విదేశీయులు తండోపతండాలుగా దిగుతున్నారు, సామాన్లు పారేసుకుని ఇంగ్లీషులో లబోదిబోమంటున్నారు, అందుకని ఫిబ్రవరిలో పరీక్ష. బొమ్మ చూపిస్తారు, అందులో ఏ వస్తువు ఎక్కడుందో ఇంగ్లీషులో చెప్పాలి. ప్యాసైనవాళ్ళు కౌంటర్లో ఉంటారు, కానివాళ్ళు ఏప్రిల్ నుంచి రైళ్ళు శుభ్రంచేసే షెడ్డుకి. ఆ షెడ్డు సంగతి హిసానోకి తెలుసు. ఏడు నిమిషాల్లో పెట్టె మొత్తం ఊడ్చెయ్యాలి, ప్రతి సీటు కిందా వంగి చూడాలి. ఆ మోకాళ్ళతో వారం కూడా చెయ్యలేదు. చెయ్యలేకపోతే ఇంటికి పోవడమే, ఇంటికంటే రోజంతా తమోత్సుతో.

తమోత్సు ఆవిడ మొగుడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు రైలు గార్డుగా చేసి దిగాడు. రైలైతే దిగాడు గానీ ఉద్యోగం దిగలేదు మహానుభావుడు. రైలు పనివాళ్ళకి చేరిన రోజునే ఒక పద్ధతి నేర్పుతారు. దేన్ని చూసినా తెల్ల గ్లౌజు వేసుకున్న చేతి చూపుడువేలు దానివైపు చాచాలి, చూసిందేమిటో పైకి గట్టిగా చెప్పాలి. సిగ్నల్ పచ్చ, సరి. తలుపులు మూశాం, సరి. తమోత్సు ఇప్పటికీ వంటింట్లో గ్యాసు పొయ్యికి ఆ మర్యాద చేసిగానీ పడుకోడు.

హిసానో ఒక పుస్తకం కొని తెచ్చుకుంది. గొడుగంటే అంబ్రెల్లా, అదేం బ్రహ్మవిద్య కాదు. ఆ గొడుగు ఎక్కడుందో చెప్పే చిన్న చిన్న మాటలు పద్నాలుగున్నాయి, వాటి దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ భాషలో, మన భాషలోలాగే, ముందు సీటొస్తుంది, ఆ తర్వాత కింద అనే మాటొస్తుంది. ఇంగ్లీషులో ముందు కింద రావాలి, సీటు తర్వాత. దేని కిందో తెలియకుండానే ముందు కిందకి దూరమంటారు. నెల రోజులు చదివినా పొద్దున వచ్చింది సాయంత్రానికి పోయేది.

"రైల్లో అనడానికి ఆన్ అనాలట," అంది ఓ సాయంత్రం ముల్లంగి తరుగుతూ.

"ఆన్ అంటే మీద అన్నావుగా?" అన్నాడు తమోత్సు.

"మీదే. రైలు దగ్గరికొచ్చేసరికి లోపల."

"రైలు మీద కూర్చుని ప్రయాణం చేసినవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణే చూశాను. పోలీసులకి అప్పజెప్పాం."

"కారుకి మాత్రం ఇన్ అట."

"ఎవడు పెట్టాడీ రూల్సు?"

"నాకేం తెలుసండీ. పుస్తకంలో ఉంది."

తమోత్సు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "కారణం ఉన్న రూలైతే బుర్రతో నేర్చుకోవచ్చు. లేని రూలు వేలితో నేర్చుకోవాలి. లే. చెయ్యి చాచు." సొరుగులోంచి తన పాత తెల్ల గ్లౌజులు ఒక జత తీసి ఆవిడ ముందు పడేశాడు.

అలా మొదలైంది. తమోత్సు వస్తువులు సర్దేవాడు, హిసానో నిలబడి వేలు చాచి చెప్పేది. కప్, ఆన్ ద టేబుల్, సరి. ఊరగాయ జాడీని రైస్ కుక్కర్ వెనక పెట్టి, చెప్పులు రెండు కుర్చీల మధ్య పెట్టి, తోఫూ ముక్కని గిన్నెలో వేసి, ఒకదాని తర్వాత ఒకటి అడిగేవాడు. ఇంగ్లీషు ఆయనకొక్క ముక్క రాదు. పుస్తకంలో బొమ్మతో సరిపోల్చుకుని తప్పులు పట్టేవాడు, అంతకన్నా గొంతు గురించి ఎక్కువ సణిగేవాడు.

"వినపడలేదు. ప్లాట్‌ఫారం చివరిదాకా పోవాలి."

"మనది రెండు గదుల ఇల్లండీ."

"రైలుకి తెలీదు అది ఇల్లని."

పక్కింటావిడ ఒకరోజు తలుపు కొట్టి, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్ళింది. కొత్త సంవత్సరం సెలవులు కూడా మానలేదు. జనవరి చివరికి పద్నాలుగు మాటలూ హిసానో వేలికి పట్టుబడ్డాయి. వస్తువు కేసి వేలు లేవగానే మాట దానంతటదే బయటికొస్తోంది.

"నాకు భయంగా ఉందండీ," అంది పరీక్ష ముందు రోజు. "షెడ్డుకి పంపిస్తే నేను చెయ్యలేను. ఆ కుర్చీ పోతే నాకింకేం లేదు."

తమోత్సు ఆవిడ మొహం చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. "కెటిల్ పక్కన ఏముంది?" అన్నాడు.

పరీక్ష స్టేషన్ మూడో అంతస్తులో. హెడ్డాఫీసు నుంచి వచ్చిన అకమాత్సు అనే అమ్మాయి, ముప్ఫై ఉంటాయేమో, ఎదురుగా కూర్చుంది. ఇలాంటి గదిలో ఎలా కూర్చోవాలో అందరికీ తెలిసిందే. నడుం నిటారుగా, రెండు చేతులూ ఒళ్ళో, కదలకుండా. హిసానో అలాగే కూర్చుంది. మొదటి బొమ్మ పెట్టారు. రైలు పెట్టె, పై అరలో గొడుగు.

గొడుగు కనిపిస్తోంది, అర కనిపిస్తోంది, మధ్యలో ఉండాల్సిన మాట ఎక్కడా లేదు. ఒళ్ళో కుడిచెయ్యి ఒకసారి బొమ్మవైపు లేవబోయింది, ఎడమచేత్తో దాన్ని అదిమిపెట్టింది. రెండో బొమ్మ వచ్చింది, పోయింది. మూడోది కూడా. అకమాత్సు ప్రతిసారీ కాగితం మీద చిన్నగా ఏదో రాసింది. నేనెంత వెర్రిదాన్ని, అంతా చేతికి నేర్పి చేతిని ఒళ్ళో కట్టేసుకున్నాను అనుకుంది హిసానో.

"మర్యాద తప్పుతున్నాను, క్షమించాలి," అని లేచింది. మోకాళ్ళు చప్పుడు చేశాయి. సంచిలోంచి గ్లౌజులు తీసి తొడుక్కుంది. "మొదటి బొమ్మ మళ్ళీ పెడతారా అండీ?"

అకమాత్సు అడుగునుంచి దాన్ని తీసి పెట్టింది.

"అంబ్రెల్లా! ఆన్ ద ర్యాక్! సరి!"

పక్క గదిలో ఎవరో ఫోన్లో మాట్లాడుతున్నవాళ్ళు ఆగిపోయారు. హిసానో ఆగలేదు. సంచి సీటు కింద, టోపీ రెండు సీట్ల మధ్య, సూట్‌కేసు తలుపు వెనక, పోయిన రెండూ మళ్ళీ పెట్టించుకుని మొత్తం తొమ్మిది బొమ్మలూ ప్లాట్‌ఫారం చివరిదాకా వినపడేలా చెప్పింది. అయ్యాక అకమాత్సు బొమ్మలన్నీ బోర్లించి, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. మీరెక్కడ పనిచెయ్యాలనుకుంటున్నారు?

దానికి బొమ్మ లేదు. పుస్తకంలోనూ లేదు, వంటింట్లోనూ లేదు. వేలు గాల్లో ఊరికే తిరిగింది. కిటికీలోంచి కింద స్టేషన్ హాలు కనిపిస్తోంది, హాలు మూల తన కౌంటర్, దాని వెనక ఖాళీ కుర్చీ. వేలు అక్కడ ఆగింది.

"బిహైండ్ ద కౌంటర్," అంది. "సరి" మాత్రం గొణిగినట్టు వచ్చింది.

"చేతులు ఒళ్ళో ఉండాలని రూలుంది, తెలుసు కదండీ?" అంది అకమాత్సు.

"తెలుసు."

"అది నేను రాయాల్సి ఉంటుంది."

"రాయండి," అని తల వంచి దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఆ రాత్రి భోజనం దగ్గర తమోత్సు అంతా విన్నాడు. అన్నం చల్లారిపోయింది. "తప్పు నాది," అన్నాడు చివరికి. "చేతులు కట్టుకుని చెప్పడం నేర్పలేదు." పెళ్ళైన ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. హిసానో లేచి పులుసు వేడిచేసింది.

ఫలితం కాగితం మీద పంపే అలవాటు ఆ కంపెనీకి లేదు. మార్చి ఆఖరి వారంలో ఏడాదికి సరిపడా సామాను అట్టపెట్టెలో ఇంటికొస్తుంది. ఇంతకుముందు కౌంటర్ నుంచి షెడ్డుకి మారినవాళ్ళందరూ ఆ పెట్టె తెరిచే తెలుసుకున్నారు. షెడ్డువాళ్ళకి నీలం రబ్బరు గ్లౌజులు, మోకాళ్ళకి కట్టుకునే మెత్తలు. కౌంటర్‌వాళ్ళకి తెల్లటి నూలు గ్లౌజులు, రెండు జతలు.

పెట్టె బుధవారం పొద్దున్నే వచ్చింది. హిసానో దాన్ని టేబుల్ మీద వదిలేసి వంటింట్లోకి పోయి, అప్పటికే కడిగిన గిన్నె మళ్ళీ కడగడం మొదలెట్టింది. వెనక కత్తెర చప్పుడైంది. అట్ట చిరిగిన చప్పుడైంది. తమోత్సు చెయ్యి చాచి నిలబడి ఉంటాడని ఆవిడకి చూడకుండానే తెలుసు.

"వైట్ గ్లౌజ్," అన్నాడు తమోత్సు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మాట్లాడిన మొదటి ఇంగ్లీషు. "ఇన్ ద బాక్స్."

సరి అనాలి. దాని బదులు ముక్కు చీదిన చప్పుడొచ్చింది.

హిసానో కుళాయి కట్టేసింది. "సరి," అంది వంటింట్లోంచి.