నాలుగో చన్ను

మూడిళ్ళలో పాలు పితికి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, దీవెనమ్మ నాలుగో ఇంటి పెరటి తలుపు తోసింది. నిన్నటిదాకా అది మొదటి ఇల్లు. అనకాపల్లి మార్కెట్లో బెల్లం వ్యాపారం చేసే వెంకటరమణమూర్తిగారిది. వీధిలో అందరికంటే ముందు తమ ఆవునే పితకాలని ఆయన భార్య సత్యలక్ష్మి పట్టు. ఇవాళ ఎండెక్కాక వచ్చిన మనిషిని చూసి ఆవిడ మూతి ముడుచుకుంది.

"మా ఇల్లు ఆఖరికొచ్చిందేటే?"

"రోగమున్న పశువుని ఆఖర్న ముట్టుకోమన్నాడు కదండి డాట్రుబాబు. ముందిక్కడికొత్తే ఈ సేతుల్తో నేనే ఈదంతా పంచిపెట్టినట్టు కాదా?"

నిన్న సాయంత్రం పాలు తీసి వెళ్ళాక ఎర్రావు మేత ముట్టలేదు. నోట్లోంచి చొంగ తీగలుగా కారింది. కాలు కింద పెట్టలేక కుంటింది. పశువుల డాక్టరు వచ్చి గాలికుంటు అన్నాడు. నోరూ గిట్టలూ మందునీళ్ళతో కడగమన్నాడు. దూడను మాత్రం తల్లి దగ్గరికి రానివ్వద్దని మరీ మరీ చెప్పాడు. పెద్ద పశువు తట్టుకుంటుందిగాని, ఆ పాలు తాగిన దూడకు గుండె ఆగిపోవచ్చట. వానలకు ముందు వీధిలో టీకాలు వేసినప్పుడు, పాలు తగ్గిపోతాయన్న భయంతో సత్యలక్ష్మి ఆవును బయటకు తేలేదు. ఆ సంగతి డాక్టరు అడగలేదు, ఆవిడ చెప్పనూ లేదు.

దీవెనమ్మ యాభై దాటిన మనిషి. బక్కపలచని ఒళ్ళు, ముందుకు వంగిన భుజాలు, బొటనవేళ్ళ కణుపుల మీద గట్టిపడిన కాయలు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి వెనక తిరిగి నేర్చుకున్న పని ఇది. ఆదివారం చర్చికి ఆలస్యంగా వెళ్ళి చివరి చాప మీద కూర్చుంటే చుట్టూ పాలవాసన. పాలు పితికేటప్పుడు గొంతులోనే ప్రభువు పాటలు పాడుకుంటుంది. వీధిలోని హిందువుల ఆవులన్నీ ఏసు పాటలకే చేపి పాలు దించుతున్నాయని కుర్రకారు వేళాకోళం చేస్తే, తనూ నవ్వేస్తుంది.

ఆమెకీ ఒక పట్టు ఉంది. మూడు చన్నులే పితుకుతుంది. నాలుగోది దూడకి. ఎవరి ఆవైనా సరే, ఎవరేమన్నా సరే. దీని మీద సత్యలక్ష్మికీ ఆమెకీ రోజూ తగువే.

"ఉత్తపుణ్యానికి చెంబెడు పాలు పోగొడతన్నావే" అని ఆవిడ.

"ఆవు కన్నది దాన్నండీ, మన్ని కాదు" అని ఈమె.

తగువు పడని రోజు ఇద్దరికీ ఏదో వెలితిగా ఉండేది.

ఇవాళ తగువు లేదు. అవతల చిన్న గుంజకు కట్టేసిన దూడ చిట్టి, గొంతు చించుకుని అరుస్తోంది. దూడ మూతి తగలందే ఎర్రావు చేపదు. దీవెనమ్మ దాని డొక్కకు నుదురానించి, పాట మీద పాట పాడింది. చాలాసేపటికి పాలు దిగాయి. మూడు చన్నులయ్యాయి. నాలుగోదాని మీదకి చెయ్యి పోలేదు. ఎలాగో పట్టుకుని చివరి చుక్క దాకా పిండి, సున్నం చల్లిన గోతిలో పారబోసింది. ఆ తర్వాత పక్కింటి గేదెపాలు సీసాలో పోసి చిట్టి నోటికి పెట్టింది. అది రెండు గుక్కలు తాగి, తల విదిలించి, తల్లికేసి చూసింది.

"ఎంత ఏడ్సినా ఇప్పకండమ్మగారూ. మీకు దండమెడతాను."

"నాకు చెప్పాలేటే? దానికొక్క చుక్క వదలొద్దని మొత్తుకున్నదాన్ని నేనేగా!" అంది సత్యలక్ష్మి. కాఫీ గ్లాసు ఎప్పటిలాగే పిట్టగోడ మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

సాయంత్రం మళ్ళీ మూడిళ్ళూ ముగించుకుని దీవెనమ్మ వచ్చేసరికి పెరట్లో అలికిడి లేదు. సత్యలక్ష్మి గడ్డిలో చతికిలబడి ఉంది. పట్టుచీర అంచుకు పేడ అంటినా చూసుకోవడం లేదు. ఆవిడ ముందు చిట్టి మెడ చాపి పడుకుంది. పుళ్ళు పడిన నాలుకతో ఎర్రావు దాన్ని నాకుతోంది.

"మధ్యాన్నమంతా ఒకటే అరుపే, దీవెనా. సీసా ముట్టలేదు. ఆవు కన్నది దాన్నేనని నువ్వు రోజూ అంటావు కదా... నా ప్రాణం ఒప్పలేదు. వదిలీసేను. ఎంత ఆత్రంగా తాగిందో! తోకెత్తుకుని గెంతింది కూడాను. అంతలోనే కాళ్ళు మడిచి పడిపోయింది. నేనే చంపీసేనే!"

దీవెనమ్మ పక్కన కూర్చుని దూడ చెవి పట్టుకుని చూసింది. చల్లబడిపోయింది. ఎప్పుడూ చుక్కపాలకు లెక్క కట్టే ఈ ఇల్లాలి మీద కోపం రావలసింది. రాలేదు. జాలే వచ్చింది.

"మీరు కాదమ్మగారూ" అంది నెమ్మదిగా. "ఒక్క పూట పాలకే పోద్దేటి? నిన్న పొద్దుటా తాగింది, సాయంత్రమూ తాగింది. అప్పటికే పాలల్లో ఉంటాది రోగం. ఆ చన్ను దానికి ఒగ్గింది నేను."

అది నిజమో కాదో దీవెనమ్మకు తెలియదు. సత్యలక్ష్మి నమ్మిందో లేదో కూడా తెలియదు. ఆవిడ చటుక్కున దీవెనమ్మ చెయ్యి లాక్కుని, ఆ కాయలు కాసిన వేళ్ళను మొహానికి అదుముకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. దీవెనమ్మ రెండో చేత్తో ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయింది.

మూర్తిగారు మార్కెట్ నుంచి మనిషిని తీసుకొచ్చి, దొడ్డి చివర లోతుగా గొయ్యి తీయించి, సున్నం వేయించారు. దీవెనమ్మ మళ్ళీ ఎర్రావు కింద కూర్చుంది. పాట రాలేదు. అయినా ఆవు చేపింది. నాలుగు చన్నులూ పితికి, పాలు పారబోసి, చేతులు కడుక్కుని లేచింది.

చిన్న గుంజకు దూడ పలుపు వేలాడుతోంది. మధ్యాహ్నం ముడి విప్పే ఓపిక కూడా లేక సత్యలక్ష్మి దాన్ని తల మీదుగా తీసేసినట్టుంది. ముడి ముడిలాగే ఉంది, పలుపు చిట్టి మెడ పట్టేంత గుండ్రంగా.