బుధవారం కునుకు

బుధవారం మధ్యాహ్నం రెండు కొట్టేసరికి నార్మన్ బ్రాకిల్‌బ్యాంక్ మెత్తటి ఇంటి చెప్పులు చంకలో పెట్టుకుని మెట్లెక్కి వస్తాడు. గ్లెనిస్ హార్కర్ తలుపు తీసి, అప్పటికే పోసి ఉంచిన టీ చేతికిస్తుంది. ఆయన రెండు అల్లం బిస్కెట్లు ముంచుకు తిని, చిన్నగదిలోకి వెళ్లి, ఆమె భర్త విల్ఫ్ మంచం మీద గంటన్నర నిద్రపోతాడు. మూడున్నరకు లేచి, దుప్పటి మడత పెట్టి, "పట్టేశానమ్మాయ్" అని చెప్పి వెళ్లిపోతాడు. విల్ఫ్ పోయిన దగ్గర్నుంచీ రెండేళ్లుగా ఇదే వరస.

కెల్ప్ స్ట్రీట్‌లో ఇళ్లన్నీ కౌన్సిల్‌వే, అంటే ఊరి పురపాలక సంఘం అద్దెకిచ్చేవి. మనిషి పడుకోని గది ఆ వీధిలో వారానికి ఒకటిన్నర అంగుళం కుంచించుకుపోతుంది. ఎవరైనా గంటసేపు నిద్రపోతే ఒక అంగుళం తిరిగొస్తుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు కరెంటు మీటరు ఎక్కడుందో చూపించి, పనిలో పనిగా ఈ సంగతీ చెబుతారు. అందుకే ఆ వీధిలో ఎవరైనా పోతే, శ్మశానం నుంచి వచ్చి శాండ్‌విచ్‌లు తింటున్నప్పుడే "గది ఎవరు పడతారు?" అన్న మాట వస్తుంది, అంటే అది కుంచించుకుపోకుండా అందులో ఎవరు నిద్రపోతారని. చిన్నప్పటి నుంచి విల్ఫ్‌తో చేపల పడవలెక్కిన నార్మన్ ఆ రోజు చెయ్యెత్తాడు. మరొకరు ఎత్తే అవసరం రాలేదు.

చిన్నగది ఎనిమిది అడుగుల రెండంగుళాల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. మూత్రపిండాలు పాడైన చివరి ఆరేళ్లూ విల్ఫ్ అందులోనే ఉన్నాడు. రక్తం శుద్ధిచేసే యంత్రాన్ని ఆస్పత్రివాళ్లు తీసుకుపోయారు. అతను గంటలు గంటలు కూర్చున్న పెద్ద కుర్చీనీ తీసుకుపోయారు. కుర్చీ వెనక కాళ్లు గోడవార నేల మీద పరిచిన లినోలియంలో చేసిన రెండు గుంటలు మాత్రం మిగిలాయి. గ్లెనిస్ ఊడ్చేటప్పుడు వాటిలో దుమ్ము వేలితో తీస్తుంది.

మార్చి పన్నెండున నార్మన్ నిద్రలేచి వచ్చేసరికి ఆమె వంటింటి బల్ల మీద కౌన్సిల్ ఉత్తరం పరుచుకుని కూర్చుంది.

"కోర్టుకు పిలుస్తారట. ఇల్లు ఖాళీ చేయించమని అడుగుతారట" అంది.

"బాకీ ఎంతకి?"

"యాభై వారాలు. వారానికి పది పౌండ్ల తొంభై రెండు పెన్నీలు. ఐదు వందల నలభై ఆరు."

కాగితం, కలం లేకుండా చెప్పేసింది. పంతొమ్మిదేళ్లు బడి వంటింట్లో రెండు వందల నలభై మంది పిల్లలకు బంగాళదుంపలు వడ్డించిన మనిషి. ఒక గరిటె ఎక్కువైతే చివరి పిల్లవాడికి ఎంత తగ్గుతుందో చూడకుండానే తెలుస్తుంది. ఆ వంటిల్లు బయటి కాంట్రాక్టరు చేతికి వెళ్లాక ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఆమెకు ప్రభుత్వం ఇచ్చే నిరుద్యోగ భత్యం వారానికి డెబ్బై రెండు పౌండ్ల నలభై. ఇంటి అద్దె డెబ్బై ఎనిమిది. మొదట్లో అద్దె మొత్తం సర్కారు సాయంగా వచ్చేది. కిందటి ఏప్రిల్‌లో కొత్త నియమం పెట్టారు: ఇంట్లో ఒక పడకగది ఖాళీగా ఉంటే సాయంలో నూటికి పద్నాలుగు కోత. అది కట్టలేకపోతే చిన్న ఇంటికి మారమన్నారు. ఒంటిగది ఇళ్లు ఆ నెల ఊరు మొత్తానికి మూడున్నాయి. అడిగినవాళ్లు నాలుగు వందల పన్నెండు మంది.

నార్మన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాకు డెబ్బై ఒకటి. పింఛనువాడిని కాబట్టి నా ఇంట్లో గది ఖాళీగా ఉంటే అది ఉత్త గది. నీకు యాభై ఎనిమిది కాబట్టి నీ ఇంట్లో ఉంటే అది నేరం. ఏం లెక్కమ్మా ఇది!"

"ముసలాడివి కావడం కూడా అదృష్టమే పెద్దాయనా."

"మోకాళ్లు కూడా తీసుకుంటానంటే ఇచ్చేస్తా, తీసుకో."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆ ఉత్తరం అక్కడే ఉంది.

తలుపు తట్టకుండానే పక్కింటి బెత్ ఆక్స్‌టబీ వచ్చింది, నాలుగు నెలల ఐవీని భుజాన వేసుకుని. ఆమె ఇల్లు గ్లెనిస్ ఇంటికి అద్దంలో బొమ్మ లాంటిది. విల్ఫ్ గదికీ బెత్ పడకగదికీ ఒకటే గోడ. రెండు గదుల్లో మొగుడూ పెళ్లామూ ముగ్గురు పిల్లలూ. ఐవీ నడవలో, తోపుడు బండిలో పడుకుంటుంది. పెద్ద ఇంటి కోసం బెత్ పేరు రాయించి ఐదేళ్లయింది.

"ఆంటీ, పాలు కొంచెం ఉంటే పొయ్యవా? పెద్దాయనా, నువ్వూ ఇక్కడే ఉన్నావా! పడుకుని లేచావన్నమాట. మా బీరువా తలుపు చెప్పింది."

"నీ బీరువాకీ నా నిద్రకీ ఏమిటే?"

"ఆ మధ్య మీ చెల్లెలు పోయిందని విథర్న్‌సీ వెళ్లావు చూడు, ఆ వారం మా బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఆ ఇంట్లో దిగాక మొదటిసారి! కోట్లన్నీ తగిలించుకున్నాను. నువ్వు ఊళ్లోంచి వచ్చి ఆ వారం బాకీ కూడా కలిపి రెండుసార్లు కునుకు తీశావు, మళ్లీ మంచానికి తగిలి ఇరుక్కుపోయింది. రెండు కోట్లు లోపలే ఉన్నాయి."

నార్మన్ పకపకా నవ్వాడు. గ్లెనిస్ నవ్వలేదు. పాల సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ వీధిలో గదులు కుంచించుకుపోతాయని అందరికీ తెలుసు. పోయిన అంగుళాలు ఎటు పోతాయో ఎవరూ అడగలేదు. ఎవరి గదీ అంత దూరం పోనిచ్చింది లేదు.

వాళ్లు వెళ్లాక ఆమె సొరుగులోంచి గ్రంథాలయంలో సలహాల బల్ల దగ్గర ఇచ్చిన కరపత్రం తీసింది. యాభై చదరపు అడుగులు కూడా లేనిది పడకగది కిందకు రాదని, అందులో పసిబిడ్డను కూడా లెక్కించకూడదని అందులో ఉంది. తన గది అరవై ఒకటీ పావు అని ఏడాది క్రితమే ఆ కాగితాన్ని సొరుగులో పడేసింది. ఇప్పుడు దాని వెనక లెక్క రాసింది. వారానికి ఒకటిన్నర చొప్పున పన్నెండు వారాలకు పద్దెనిమిది అంగుళాలు. ఏడున్నర అడుగుల వెడల్పు ఆరడుగులవుతుంది. ఎనిమిది అడుగుల రెండంగుళాలను ఆరుతో గుణిస్తే సరిగ్గా నలభై తొమ్మిది.

పన్నెండు వారాలంటే జూన్ నాలుగు. కోర్టు జూన్ పదకొండు.

ఇంతకాలం ఆ గదిని కోతకు సరిపడా పెద్దదిగా నిలబెట్టింది నార్మన్ నిద్రే. వారానికి గంటన్నర ప్రేమ, పది పౌండ్ల తొంభై రెండు పెన్నీలు. ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు.

తర్వాతి బుధవారం తలుపు తీసి, అక్కడే చెప్పేసింది. నార్మన్ చెప్పులు చంకలోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"విల్ఫ్ గదిని వదిలేస్తావా?"

"ఇల్లే పోతే గది మాత్రం ఎక్కడుంటుంది పెద్దాయనా?"

"వాడికి మాటిచ్చాను."

"ఏమని?"

ఆయన ఆలోచించాడు. "గ్లెనిస్‌ను చూసుకోమన్నాడు" అని ఒప్పుకున్నాడు.

"మరి చూసుకో. ఇంట్లోకి రా, టీ తాగు. పడుకోకు."

అప్పటి నుంచి బుధవారం బుధవారం ఆయన వంటింట్లో కూర్చుని డామినో బిళ్లలాట ఆడాడు. రెండున్నరయ్యేసరికి తల వాలిపోయేది. గ్లెనిస్ బల్ల కింద నుంచి కాలితో తన్నేది. ఇరవై ఒకటో ఏట కూడా ఇంత మెలకువగా లేనని ఆయన అందరికీ చెప్పుకున్నాడు.

ప్రతి సోమవారం ఆమె కుట్టుమిషను టేపుతో గది కొలిచి, కరపత్రం వెనక రాసింది. నాలుగో వారం బట్టల అలమారా పట్టక ముందుగదిలోకి వచ్చింది. ఏడో వారం మంచానికి, కిటికీకి మధ్య నడవడానికి చోటు లేక పక్కకు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. గోడ వచ్చిన చప్పుడు ఎప్పుడూ వినబడలేదు. కుర్చీ కాళ్ల గుంటల్లో ఒకటి ఎనిమిదో వారం సగమే కనబడింది, తొమ్మిదికి రెండూ గోడ కిందకు వెళ్లిపోయాయి. ఆ సోమవారం ఆమె చీపురు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత తక్కినదంతా ఊడ్చేసింది.

గది మళ్లీ కొలవమని ఆమె అర్జీ పెడితే, జూన్ నాలుగు పొద్దున పదకొండుకు కౌన్సిల్ మనిషి వస్తాడని కబురొచ్చింది. ఆరోజు ఉదయమే కొలిచింది. ఆరడుగులు, ఒక వెంట్రుకవాసి కూడా ఎక్కువ లేదు. పదింటికి రొట్టె కోసం కిందికి వెళ్లి, పదీ పదికి తిరిగొచ్చేసరికి గుమ్మంలో బయటి బూట్లు ఉన్నాయి.

నార్మన్‌కు ఆ ఇంటి తాళంచెవి రెండేళ్లుగా ఉంది. చిన్నగది తలుపు తోసి చూసింది. ఆయన విల్ఫ్ మంచం మీద, మెత్తటి చెప్పులతో, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చేతిలో విల్ఫ్ ఫోటో ఉంది. గదికి సెలవు చెబుదామని వచ్చి కూర్చుని ఉంటాడు. నూరు పైచిలుకు బుధవారాలు నిద్రపోయిన ఒళ్లు అది, మంచం తగిలితే ఆగుతుందా.

గ్లెనిస్ లేపడానికి చెయ్యి చాచి, ఆపింది. లెక్క కట్టింది. యాభై అడుగులు కావాలంటే ఇంకా ఒకటిన్నర అంగుళం రావాలి, ఒక వెంట్రుకవాసి తక్కువ. అంటే గంటన్నర నిద్ర. తను రొట్టెకు వెళ్లింది పది నిమిషాలు. ముసలాయనకు ఇంకో ఇరవై నిమిషాలు ఇచ్చినా అరంగుళమే.

మంచం అంచున కూర్చుని, వంటింటి గడియారం వింటూ, ఇరవై నిమిషాలు ఇచ్చింది. తర్వాత భుజం తట్టింది.

"లే పెద్దాయనా. పట్టింది చాలు."

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "అయ్యో, నేను... అమ్మాయ్, పాడుచేశానా?"

"అరంగుళం. దాచుకున్న దాంట్లోంచి ఇచ్చానులే."

పదకొండుకు వచ్చిన కౌన్సిల్ మనిషి పేరు టాస్కర్. ముప్పై ఏళ్లుంటాయి, మెడలో గుర్తింపు కార్డు. చిన్నగదిలోకి తనూ తన సంచీ ఒకేసారి పట్టకపోతే సంచీని బయట పెట్టాడు.

"మా రికార్డులో అరవై ఒకటీ పావు ఉంది మేడమ్."

"ఎప్పుడు కొలిచారు?"

అతను కాగితం తిప్పాడు. "ఇల్లు కట్టినప్పుడు." తర్వాత గోడ వైపు చూశాడు. "ఈ గదిలో ఎవరూ పడుకోవడం లేదా?"

"అదే కదా మీరు రాసింది, ఖాళీ గది అని."

"నిజమే" అన్నాడతను. "మా అమ్మమ్మ నలభై రెండో నంబరులో ఉండేది. మేం సెలవలకు వచ్చి వంతులేసుకుని పడుకునేవాళ్లం." అని టేపు తీసి మూడుసార్లు కొలిచాడు. గడిలో రాస్తూ పైకి చదివాడు: "నలభై తొమ్మిది పాయింట్ మూడు."

"దాని అర్థం?"

"పడకగది కాదు మేడమ్. సామాన్ల గది. వచ్చే సోమవారం నుంచి కోత ఉండదు."

వంటింట్లోంచి నార్మన్ గట్టిగా ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

పాత బకాయి ఎటూ పోలేదు. అప్పటికి అది అరవై రెండు వారాలకు ఆరు వందల డెబ్బై ఏడు పౌండ్ల నాలుగు పెన్నీలు. కోర్టులో జడ్జి కళ్లద్దాలు తీసి, ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదని, భత్యంలోంచి వారానికి మూడు పౌండ్ల డెబ్బై చొప్పున పట్టుకోమని చెప్పింది. ఎన్నాళ్లు పడుతుందో గుమస్తా యంత్రంలో కొట్టేలోపే గ్లెనిస్ చెప్పేసింది.

"నూట ఎనభై మూడు వారాలండీ. చివర్లో మీకు ఆరు పెన్నీలు ఎక్కువొస్తాయి."

"అవి మీకే తిరిగిస్తాం" అంది జడ్జి నవ్వుతూ.

బయట మెట్ల మీద ఆమె నార్మన్ చెయ్యి పట్టుకుంది. దారిలో వేయించిన చేప, బంగాళదుంపలు ఒకటే పొట్లం కట్టించుకుని, ఉప్పూ వెనిగరూ దండిగా పోయించుకుని, బస్సు స్టాపులో ఇద్దరూ తినేశారు. ఏడాది తర్వాత ఆమెకు తిండి రుచి తెలిసింది.

ఇంటికొచ్చేసరికి బెత్ గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"ఏమైంది ఆంటీ? ఉంటున్నావా?"

"ఉంటున్నానే."

బెత్ ఆమెను కావలించుకుని, అదే ఊపులో చెయ్యి పట్టి తన పడకగదిలోకి లాక్కెళ్లింది. బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. మంచానికీ గోడకూ మధ్య కొత్త నేల, ఒకటిన్నర అడుగుల పైన ఇంకో అంగుళం వెడల్పు. అద్దె మాత్రం పెరగలేదు. కౌన్సిల్ లెక్కపెట్టేది గదుల్నే, అడుగుల్ని కాదు. ఆ నేల మీద ఎవరో ఇచ్చిన చెక్క ఊయలమంచం వేసి ఉంది. అందులో ఐవీ వెల్లకిలా నిద్రపోతోంది.

"ఎక్కడ పెట్టినా ఊగిపోయేది ఆంటీ, ఒక కాలు పొట్టి. ఇదిగో ఇక్కడ పెట్టాక కదిలితే ఒట్టు. లినోలియంలో రెండు గుంటలున్నాయి, చూడు, కాళ్లు సరిగ్గా దిగాయి. మాకు ఈ గుంటలు ఎప్పుడూ లేవు. ఎక్కడివో ఏమో!"

గ్లెనిస్ వంగి చూసింది. గుంటల అంచున కొంచెం దుమ్ముంటే వేలితో తీసింది.

"మంచి చోటే పెట్టావు" అంది. "ఇక్కడ పడుకున్నవాళ్లకు బాగా నిద్ర పడుతుంది."