తడి తగలని చేతులు

"చేతులు తుడుచుకుని చెయ్యలేవా?" అంటూ రత్నబాబు డబ్బా తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. మూత తీసే ఉంది. లోపల లేపనం మీద రూపాయి బిళ్ళంత మేర బూజు పట్టి ఉంది. "మైలవరం నించి ఒకావిడ పట్టుకొచ్చింది. కౌంటర్ ముందు నలుగురున్నారు. తలెత్తుకోలేకపోయా."

జెరూషా చపాతీ కాలుస్తోంది. మంట తగ్గించి డబ్బా చేతిలోకి తీసుకుంది.

"నా చేతులకి తడి లేదండీ."

"మరి బూజు ఆకాశం నించి ఊడిపడిందా?"

"అంట్లు తోముతూ తోముతూ పోయి కలిపుంటుంది," అంది ముందు గదిలోంచి అత్త సౌభాగ్యమ్మ. "దాని పని నాకు తెలీదా."

ఆ ఇంట్లో అంట్లు తోమేది జెరూషా ఒక్కతే. రత్నబాబుకి నాలుగు చపాతీలు, కూర, మంచినీళ్ళు పెట్టింది. అతను తిని లేచేదాకా ఆమె కళ్ళు డబ్బా మీదే ఉన్నాయి.

ఆమె లేపనం చేసేది నెలకోసారి, రెండో శనివారం. ముందురోజే గిన్నె, గరిటె, వడకట్టే గుడ్డ ఎండలో పెడుతుంది. మంజిష్ఠ, అతిమధురం వేళ్ళు విరిస్తే పెళుక్కుమనేదాకా ఎండాలి. కొబ్బరినూనె, నువ్వులనూనె సమంగా పోసి, వేళ్ళు వేసి, ఇసుక పోసిన మూకుట్లో గిన్నె పెట్టి సన్నమంట మీద మూడు గంటలు కాస్తుంది. నీళ్ళ గిన్నె మీద పెడితే త్వరగా అవుతుంది. కానీ ఆవిరి తగులుతుంది. అందుకే ఇసుక. తర్వాత వడకట్టి, తేనెమైనం కరిగించి కలిపి, క్యానులో పోస్తుంది. ఆ పని అయ్యేదాకా వంటింట్లోకి చెంబు కూడా రానివ్వదు. ఇది ఆమెకి తల్లి ఆవకాయ కలుపుతూ నేర్పిన పద్ధతి. నీళ్ళు తగలనిదే నూనెకి బూజు పట్టదు. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెబుతుంది జెరూషా. ఆమె లెక్కలో ఇది రెండు రెళ్ళు నాలుగు లాంటిది. క్యాను రత్నబాబు బండి మీద నందిగామ వెళుతుంది. అక్కడ అతనికి మందుల షాపు ఉంది. డబ్బాల్లో నింపడం, లేబుల్ అంటించడం షాపు వెనక గదిలో జరుగుతుంది. ఆ లేబుల్ మీద ఫొటో జెరూషాదే.

ఆ ఫొటో పడటానికి ముందు ఆమె ఏ ఫొటోలోనూ ముందు వరసలో లేదు. రెండో కాన్పు తర్వాత మొహాన మంగు వచ్చింది. రెండు బుగ్గల మీద, పై పెదవి మీద. ఆడపడుచు పెళ్ళిలో సౌభాగ్యమ్మ, "నువ్వు వెనక నిలబడమ్మాయ్, ఫొటో నల్లగా వస్తది" అంది. స్కూల్లో కరస్పాండెంటు, "పేరెంట్స్ మీటింగు రోజు మీరు లోపల రిజిస్టర్లు చూసుకోండి మేడమ్, టేబుల్ దగ్గర నాగశ్రీ మేడం కూర్చుంటది" అన్నాడు. నందిగామలో చీరల షాపువాడు రత్నబాబుని, "మీ అక్కగారికా సార్?" అని అడిగాడు. రత్నబాబు కాదనలేదు. చీర ప్యాక్ చేయించాడు. అప్పుడు మొదలుపెట్టింది ఆమె, నూనె కాచడం. ఏడు నెలలు రాసుకున్నా మంగు ఉన్నచోటే ఉంది. "వంటింటి డాక్టరమ్మా, ఈ రోజు ఏం వైద్యం?" అనేవాడు రత్నబాబు. ఎనిమిదో నెలలో ఒకరోజు ఆమె లేపనం ఉన్న స్టీలు డబ్బా అతనే తీసుకెళ్ళి, "ఇందులో ఏం బాగుంటది, షాపులో మంచివున్నాయి" అని నీలం మూత డబ్బాలో పెట్టి తెచ్చి ఇచ్చాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో అతను అడక్కుండా తెచ్చిన వస్తువు అదొక్కటే. ఆ నెల నించే మంగు తగ్గడం మొదలైంది. మూడు నెలలకి కుడి బుగ్గ, ఐదు నెలలకి ఎడమ బుగ్గ. అడిగిన ప్రతి మనిషికీ ఆమె ఒకటే చెప్పింది. నూనె, మైనం, రెండు వేళ్ళు. ఇంకేం లేదు, కావాలంటే నోట్లో వేసుకోండి. చెబుతున్నప్పుడు గొంతు తనకే కొత్తగా వినిపించేది. ఈ రెండు చేతులతో తను ఒకటి చేసింది, అది పనిచేసింది అనే సంగతి ఆమెకి ఇంట్లో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు.

మర్నాడు రత్నబాబు షాపుకి, పిల్లలు బడికి వెళ్ళాక స్కూలుకి ఫోన్ చేసి గంట ఆలస్యంగా వస్తానంది. ప్రతి విడతలో ఒక గాజు సీసా తన దగ్గర ఉంచుకుని తేదీ రాసి పెట్టడం ఆమెకి అలవాటు. బూజు పట్టిన డబ్బా మీది తేదీ చూసి అదే తేదీ సీసా అలమరలోంచి తీసింది. దాంట్లో బూజు లేదు. ఒక చెంచాడు గరిటెలోకి తీసి మంట మీద పెట్టింది. లేపనం కరిగింది. చప్పుడు లేదు. గరిటె అడుగు కనిపించేంత తేటగా ఉంది.

గరిటె కడిగి, తుడిచి, మంట మీద ఆరబెట్టి, షాపు నించి వచ్చిన డబ్బాలో బూజు కిందది తీసి వేసింది. కరిగింది. కరిగాక చిటపటలాడింది. ఒక చుక్క ఎగిరి మణికట్టు మీద పడింది. మరిగే నూనెలో నీళ్ళు పడితే వచ్చే చప్పుడది, ఏ ఆడదానికీ చెప్పక్కర్లేదు. గరిటె పక్కకి తీసి చూసింది. నూనె కింద తెల్లగా, విరిగిన పాలలాగా ఏదో దిగింది. వాసన చూసింది. అది నూనెదీ కాదు, వేళ్ళదీ కాదు. కానీ తెలిసిన వాసన. రోజూ పొద్దున స్నానం చేసి లేపనం రాసుకున్నాక తన బుగ్గల మీంచి వచ్చే వాసన. ఇన్నాళ్ళూ అది మంజిష్ఠ వాసన అనుకుంది.

గదిలోకి వెళ్ళి, రత్నబాబు నెలనెలా షాపులో నింపి తెచ్చే తన నీలం మూత డబ్బా అద్దం ముందు నించి తెచ్చింది. గరిటె మళ్ళీ కడిగింది. తుడిచింది. ఆరబెట్టింది. ఒక చెంచాడు వేసింది.

రెండో దానికన్నా ఎక్కువ చిటపటలాడింది.

జెరూషా మంట ఆపలేదు. ఆ చప్పుడు ఆగేదాకా నిలబడి విన్నది. ఆగాక బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. అది ఎవరిదో బుగ్గ లాగా ఉంది. రెండేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఈ మొహానికి ఏం రాసుకుందో ఆమెకి తెలియదు. అప్పుడు జాయిస్ గుర్తొచ్చింది. వాళ్ళ చర్చిలోని పిల్ల, బట్టల షాపు కౌంటర్లో చేస్తుంది. పోయిన వారం ఫోన్ చేసింది. "జెరూషక్కా, డబ్బా అయిపోయి వారం రాసుకోలేదు. మొహం ఎర్రగా పొంగింది, పొయ్యి దగ్గరికి పోలేకపోతన్నా" అంది. "ఎందుకాపావే, వెంటనే ఇంకోటి తెచ్చుకో. ఆపొద్దు" అని చెప్పింది తను. ఆ ఆపొద్దు అన్నది తన నోరే.

సాయంత్రం ఏడున్నరకి రత్నబాబు వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమె కంచం బదులు గరిటె పెట్టింది. అడుగున తెల్లటిది ఎండి అంటుకుని ఉంది.

"ఏం కలుపుతున్నారండీ?"

అతను గరిటె వంక చూశాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. కాచి చూసా."

"అమ్మో, టీచరమ్మ ల్యాబు పెట్టింది," అని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి గరిటె పక్కకి జరిపాడు. "ఒక ట్యూబు. నీళ్ళ క్రీము. తామరకీ దురదకీ డాక్టర్లు రాసేదే. స్టెరాయిడు. విషమేం కాదు. తెల్లబరుస్తది."

"నాకు చెప్పకుండా?"

"చెప్తే ఒప్పుకునేదానివా? ఏడు నెలలు రాసుకున్నావు, వెంట్రుకవాసి తగ్గిందా? నీ నూనె వల్ల ఎవరికీ ఏం తగ్గలేదు జెరూషా. నేను కలిపాకే నీకు పేరొచ్చింది."

"నా డబ్బాలో కూడా ఉంది."

"ముందు నీ దాంట్లోనే కలిపా. ఊళ్ళోవాళ్ళకి ఊరికే ఎట్టా ఇస్తాం? ఆర్నెల్లు చూసా. నీకేం కాలేదు. అప్పుడే షాపులో పెట్టా. ఆ మాత్రం జాగ్రత్త లేదనుకున్నావా?"

అతను ఆ మాట దాచుకుంటూ చెప్పలేదు. బాధ్యత తెలిసినవాడు తన పద్ధతి వివరించినట్టు చెప్పాడు.

సౌభాగ్యమ్మ గోంగూర ఒలుస్తోంది. చేతిలో కట్ట అలాగే పట్టుకుని తలెత్తింది. "అందుకేనేంట్రా రత్నం, నన్ను రాసుకోవద్దన్నావు?"

"నీకు షుగరు గదమ్మా. చర్మం పల్చబడుద్ది."

సౌభాగ్యమ్మ కొడుకు వంక చూసింది, కోడలి మొహం వంక చూసింది. ఆ చూపు చాలాసేపు కోడలి బుగ్గల దగ్గరే ఉంది. తర్వాత కట్ట విప్పి మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. "అయిందేదో అయింది. బయట అనమాక అమ్మాయ్. మొగుడి షాపు."

మర్నాటి నించి జెరూషా లేపనం రాసుకోలేదు. మూడో రోజుకి బుగ్గలు ఎర్రబడ్డాయి. నాలుగో రోజుకి మంట. పొయ్యి ముందు నిలబడి అన్నం వార్చాలంటే తడి తువ్వాలు చుట్టుకోవాల్సి వచ్చింది. తడి తువ్వాలు చూసి కూడా ఇంట్లో ఎవరూ పొయ్యి దగ్గరికి రాలేదు. శుక్రవారం సెలవు పెట్టి బస్సెక్కి విజయవాడలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ భూతద్దంతో చూసి, లోపలి నరాలు పైకి కనపడుతున్నాయంది. బాగవడానికి నెలలు పడుతుంది, ఎండలో తిరగొద్దు అంది. మందులు రాసింది. రాస్తూ రాస్తూ ఆగి, "ఇది ఇంకా ఎంతమంది వాడుతున్నారమ్మా?" అని అడిగింది. తిరుగు బస్సులో పరిటాల దాటాక ఫోన్ తీసి, తను స్వయంగా చెప్పి రాసుకొమ్మన్న వాళ్ళ పేర్లు లెక్కపెట్టింది. అరవై మూడు. షాపుకొచ్చి ఫొటో చూసి కొన్నవాళ్ళు ఎందరో తెలియదు.

ఆదివారం పొద్దున రత్నబాబు డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. ఈసారి మెత్తగానే మాట్లాడాడు. "కొంచెం రాసుకో. రెండ్రోజుల్లో తగ్గుద్ది. ఈ మొహంతో చర్చికి వస్తే ఏమనుకుంటారు? లేబుల్ మీద నా పేరు లేదు జెరూషా. పోతే నీ పేరే పోద్ది."

అది నిజమే. ఆమె దాన్ని అన్ని వైపుల నించీ చూసింది. ఇది బయటపడితే, కలిపింది అతనని చెప్పినా, జనానికి గుర్తుండేది ఆమె మొహమే. ఇంకెప్పుడూ ఆమె చేతి నూనె ఎవరూ ముట్టుకోరు. రెండేళ్ళుగా ఆమెకి ఉన్న ఒకే ఒక్క గొప్ప, అది కూడా ఆమెది కాదు, ట్యూబుది. దాన్ని పోగొట్టుకోవడానికి భయపడుతున్నానా అని తనని తాను అడిగింది. భయపడుతోంది. రాసుకుంటే మంట పోతుంది, పేరు ఉంటుంది, షాపు ఉంటుంది. నందిగామలో అరవై నాలుగో మనిషి, అరవై ఐదో మనిషి వచ్చి ఆమె ఫొటో చూసి డబ్బా అడుగుతారు. అతను ఇస్తాడు. ముందు పెళ్ళాం మీద చూశాను కదా అనే ధైర్యంతో ఇస్తాడు. జెరూషా డబ్బాకి మూత పెట్టి, డాక్టరు రాసిన మందు రాసుకుని, చీర కట్టుకుంది.

చర్చిలో ఆడవాళ్ళు ఎడమ వైపు జంపఖానా మీద కూర్చుంటారు. ఆమె కొంగు నుదుటి మీదికి లాక్కుని చివర కూర్చుంది. జాయిస్ రెండు వరసల ముందుంది. మొహానికి కర్చీఫు అడ్డం పెట్టుకుని ఉంది. మగవాళ్ళ వైపు రత్నబాబు తెల్ల చొక్కాలో ఉన్నాడు. పాటలయ్యాక పాస్టరుగారు, సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉంటే లేవమన్నారు. రూబెన్ అనే పెద్దాయన లేచి మోకాళ్ళ నొప్పి తగ్గినందుకు దేవునికి స్తోత్రం చెప్పి కూర్చున్నాడు.

జెరూషా లేచింది. "స్తోత్రం అన్న మాటతో మొదలుపెట్టలేనండీ, క్షమించండి," అంది. మగవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. అది ఎవరి దగ్గో ఆమెకి తెలుసు. అటు చూడలేదు. ఆడవాళ్ళ వైపు తిరిగి, కొంగు మొహం మీంచి పూర్తిగా వెనక్కి తీసింది. ముందు వరసలో ఒకావిడ "అయ్యో తండ్రీ" అంది.

"మీరందరూ నా మొహం చూసి కొన్నారు. ఇప్పుడు కూడా చూడండి," అంది జెరూషా. "ఇది దాచిపెట్టి నేను లేపనం గురించి చెప్పలేను. అందులో స్టెరాయిడు మందు ఉంది. కలిపింది మా ఆయన. వాళ్ళమ్మని రాసుకోవద్దన్నాడు, నా మొహం మీద మాత్రం ఆర్నెల్లు వాడి చూశాడు."