మావాడు సర్దిన కంప్యూటరు

మా అబ్బాయికి సర్దుడు పిచ్చి. ఇంట్లో ఏ వస్తువైనా నాలుగు రోజులు కదలకుండా ఉంటే చాలు, వాడి కళ్లలో పడ్డట్టే. నా పాత కళ్లజోళ్లు, మూతలు పోయిన సీసాలు, అన్నీ చెత్తబుట్ట పాలయ్యాయి. చిన్నప్పుడూ ఇంతే. ఎవరూ ఆడుకోవడం లేదని అక్క బొమ్మలు పారేసి, వీపు విమానం మోత మోగించుకున్నాడు.

ఆ ఆదివారం పొద్దున వాడి చూపు కంప్యూటరు మీద పడింది. నెమ్మదిగా నడుస్తోందట. లోపలికి దూరి, పేరు అర్థం కాని ఫైలునల్లా తీసిపారేశాడు. కంప్యూటరు వద్దు వద్దని అడ్డుపడుతున్నా వినలేదు.

"చూడమ్మా ఈ పేర్లు, నోరు కూడా తిరగట్లేదు! మనింట్లో ఎవరు పెట్టారివి?" అన్నాడు. నిజమే కాబోలనుకున్నాను.

ఆపి మళ్లీ వేస్తే, నల్లటి తెర మీద నాలుగు తెల్లటి ఇంగ్లీషు ముక్కలు తప్ప ఏమీ రాలేదు.

కోడలు వంటింట్లోంచి తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల దుప్పట్ల మీద వేసే పూలు, తీగలు గీస్తుంది. ఇంటిపని తెమిలాక కూర్చుని ఏళ్లతరబడి గీసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎవరెవరి పేరుతోనో అచ్చయ్యేవి. ఈసారి ఒక పెద్ద బట్టల కంపెనీ వాళ్లు, "మీ పేరే వేస్తాం, రేపటికల్లా పంపండి" అన్నారు.

మావాడు రిపేరు షాపుకి ఫోను కొట్టాడు.

"పట్టుకురండి, మొత్తం తుడిచేసి కొత్తగా వేస్తా. లోపలున్నవి పోతాయి మరి," అన్నాడు షాపతను.

"పోతే పోనీ, మళ్లీ గీసుకుంటుందిలే," అంటూ మావాడు వైర్లు పీకబోయాడు. కోడలి మొహం పాలిపోయింది.

నాకు ఒళ్లు మండింది. కుర్చీ ఈడ్చుకుని కంప్యూటరుకి అడ్డంగా కూర్చున్నాను.

"అమ్మా, లే."

"లేవను. ముందు నన్నెత్తుకెళ్లి షాపులో దింపు, తర్వాత దీని సంగతి."

"దీని గురించి నీకేం తెలుసమ్మా?"

"నాకేం తెలీదు. నీకు తెలుసు గనకే దీనికీ గతి పట్టింది!"

కోడలు నవ్వు దిగమింగుకుని ఫోనులో ఏదో చదవసాగింది. కాసేపటికి తలెత్తింది.

"అత్తయ్యా, తుడవక్కర్లేదట. పోయిన ఫైళ్లు, పాడైన ఫైళ్లు వెతికి వాటి చోట మంచివి పెట్టొచ్చట. నా బొమ్మల జోలికి పోదట. కానీ కంప్యూటరుతో పాటు వచ్చిన డిస్కు ఉండాలి."

"అదెప్పుడో పారేశాను," అన్నాడు మావాడు.

"నువ్వు పారేశావు, నేను ఏరుకొచ్చాను," అన్నాను.

అది నా కుట్టుపెట్టెలో ఉంది. దిండుగలీబు అంచుకి వంపులు గీసుకోవాలంటే దాన్ని మించిన అచ్చు లేదు. గీతలు పడకుండా గుడ్డసంచి కుట్టి మరీ దాచాను. కోడలు దానికంటిన సుద్దపొడి మెత్తగా తుడిచి లోపలికి తోసింది. తెర మీద రిపేరు అన్న మాట వెతికి పట్టుకుంది. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంటే, అందులో ఫోను చూస్తూ ఒక్కో అక్షరం కొట్టింది.

"ఏమంటోందే?"

"నువ్వు చెప్పేది నాకు తెలీదు పొమ్మంటోంది అత్తయ్యా."

"చూశావా, నే చెప్పలే?" అన్నాడు వెనకనుంచి మావాడు.

"మీరు కాసేపు నోరు మూసుకుంటారా?" అంది కోడలు, తల తిప్పకుండానే. పెళ్లయ్యాక ఆ పిల్ల నోట ఆ మాట వినడం అదే మొదలు. నా ప్రాణం లేచొచ్చింది.

మధ్యలో ఖాళీ వదలడం మరిచిందట. సరిచేసి మళ్లీ కొట్టింది. ఈసారి అది ఒప్పుకుని పనిలో పడింది. అన్నం చల్లారిపోయినా ఎవరూ లేవలేదు. చివరికి, పాడైనవి దొరికాయి, బాగుచేశాను అని రాసింది. డిస్కు తీసి మళ్లీ వేస్తే తెర వెలిగింది. కోడలి పూలు, తీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచి చూసుకుని, అక్కడికక్కడే కంపెనీకి పంపేసింది. ఆ తర్వాతే కళ్లు తుడుచుకుంది.

"హమ్మయ్య! ఇక పైపైన కాస్త సర్దేసి..." అంటూ మావాడు చెయ్యి చాచాడు.

"మీ చెయ్యి దీనిమీద పడటానికి వీల్లేదు," అంది కోడలు. అని, వాడి ఎదుటే కంప్యూటరుకి కొత్త పాస్‌వర్డు పెట్టింది, అక్షరాలు కనబడకుండా చేత్తో కప్పుకుని మరీ.

వాడు నా వంక చూశాడు.

"నన్ను చూస్తావేం? నాకూ చెప్పలేదు," అన్నాను. డిస్కు సంచిలో పెట్టి, పెట్టె మూసి ఒళ్లో పెట్టుకున్నాను.