కంచె వెనక కెమెరా

కళ్లజోళ్ల షాపులో పనిచేసే ఆమెని జట్టు పిల్లలందరూ పిన్ని అనే పిలిచేవారు. నిజానికి ఆమె పిన్ని అయింది ఒక్క చిట్టికే. పదకొండేళ్ల చిట్టి ఆడపిల్లల బేస్‌బాల్ జట్టులో బంతి విసిరేది. అక్క కూతురి ఆట చూడ్డానికి వెళ్తూ వెళ్తూ పిన్ని ఎవరో వాడి వదిలేసిన కెమెరా ఒకటి కొనుక్కుంది.

మొదట్లో ఆ ఫోటోలు చూసి ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. ఒకదాంట్లో దుమ్ము, ఇంకోదాంట్లో ఎవరిదో మోచెయ్యి. బంతి మాత్రం ఎక్కడా లేదు.

"బంతి వెంట పడకు పిన్నీ, అది నీకు దొరకదు. మా మొహాలు చూడు," అంది చిట్టి.

ఆ మాట పట్టుకుని పిన్ని మెల్లిగా నేర్చుకుంది. పిల్లల ఎత్తుకి మోకాళ్ల మీద కూర్చుంది. లెన్స్‌ని కంచెకి ఆనించేస్తే అడ్డొచ్చే తీగలు ఫోటోలో మాయమైపోతాయని కనిపెట్టింది. బటన్ నొక్కిపట్టి వరసగా తీసుకుంటూ పోయి, తర్వాత మంచిది ఏరుకోవడం అలవాటు చేసుకుంది. సగం ఆట పక్క కంచె దగ్గర ఉండేది. మిగతా సగం మైదానం అవతలి కొసకి వెళ్లి తీసేది. అక్కణ్ణించి చిట్టి వీపు, బ్యాట్ పట్టుకున్న పిల్ల, ఆ వెనక బంతి పట్టుకోవడానికి కూర్చున్న క్యాచర్ ఒకే వరసలో కనిపించేవారు.

ఆ చోటే కొంప ముంచింది.

పోటీల్లో పెద్ద ఆట రోజు అవతలి జట్టు వీళ్లని చితక్కొట్టింది. ఏ బంతి వెయ్యాలో క్యాచర్ కాళ్ల మధ్య వేళ్లు చూపించి చిట్టికి సైగ చేస్తుంది. వేగం బంతులకి అవతలి పిల్లలు తడబడ్డారు గానీ, నెమ్మది బంతి వచ్చినప్పుడల్లా కాచుకుని కూర్చున్నట్టు బాదేశారు.

ఆట అయ్యాక క్యాచర్ తండ్రి పిన్ని దగ్గరికి వచ్చాడు. మందుల షాపాయన. మాట మెత్తన, చూపు మాత్రం కాదు.

"మీరు పనిచేసేది అవతలి జట్టు కోచ్ షాపులోనే కదండీ?"

"అవును. ఏం?"

"ఏం లేదు. ఫోటోలు ఒకసారి చూద్దామని."

పిన్ని కెమెరా ఇచ్చేసింది. ఆయన ఒక్కొక్కటీ జరుపుతూ పోయి, ఒకచోట ఆగి పెద్దది చేశాడు. క్యాచర్ వేళ్లు, గోళ్లతో సహా. ఆయన ఆ ఫోటో పక్కవాళ్లకి చూపించాడు. చూసిన వాళ్లెవరూ పిన్ని మొహంలోకి చూడలేదు.

"కొన్నాళ్లు కెమెరా ఇంట్లో పెట్టండమ్మా. నేనేదో అనుకుంటున్నానని కాదు," అన్నాడు చిట్టి వాళ్ల కోచ్ నసుగుతూ.

తిరిగి వచ్చేటప్పుడు కారు నడుపుతూ అక్క, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. "మీ సార్‌కి నువ్వేమీ పంపలేదు కదే? సరదాకైనా?"

పిన్నికి మందుల షాపాయన అడిగితే ఒళ్లు మండింది. అక్క అడిగేసరికి మాత్రం కెమెరాని సంచిలో అడుక్కి తోసేసి కిటికీ వైపు తిరిగింది.

షాపులో ఆమెకీ అనుమానాలు మొదలయ్యాయి. జట్టు గ్రూపులో పెట్టిన ఫోటోలు సార్‌కి ఎవరైనా పంపుతున్నారా? ఆయన ఫోన్ చూసి నవ్వుకుంటే చాలు, మెడ సాచి తొంగిచూసేది. చిట్టి ఆట గురించి కొనడానికి వచ్చినవాళ్లు అడిగినా, ఎందుకు అడుగుతున్నారా అని ఆలోచనే. ఇలా కాదని ఒకరోజు మధ్యాహ్నం అడిగేసింది.

"సార్, మా సైగలు మీకెలా తెలిశాయి?"

ఆయన ఫ్రేము తుడుస్తూ పకపకా నవ్వాడు. "సైగలెందుకమ్మా? మీ పిల్ల మొహమే చెప్పేస్తుంటే!" ఇక ఎంత అడిగినా నోరు విప్పలేదు.

ఇంటికెళ్లి పిన్ని పక్క కంచె దగ్గర తీసిన ఫోటోలన్నీ ముందేసుకుంది. వేగం బంతి విసిరేముందు చిట్టి పెదాలు బిగించి ఉన్నాయి. నెమ్మది బంతి ముందు మాత్రం నాలుక ఎడమ బుగ్గకి నొక్కుతోంది. బుగ్గ రేగిపండు పెట్టుకున్నట్టు ఉబ్బుతోంది. ప్రతిసారీ.

ఆ ఫోటోలు నలుగురికీ చూపిస్తే తన మీద మచ్చ పోతుంది. కానీ ఓటమంతా ఈ పిల్ల నెత్తిన పడుతుంది. ఆమె చిట్టిని ఒక్కదాన్నే పిలిచి చూపించింది.

చిట్టి మొహం మాడిపోయింది. "అమ్మకి చెప్తావా?"

"నువ్వు చెప్పమంటేనే."

పిన్ని చిట్టి కళ్ల ముందే ఆ ఫోటోలన్నీ చెరిపేసింది. తర్వాత ఇద్దరూ అద్దం ముందు కూర్చుని, నాలుకని బుద్ధిగా ఉంచడం సాధన చేశారు.

మళ్లీ అదే జట్టుతో ఆట పడింది. పిన్ని ఖాళీ చేతులతో మెట్ల మీద కూర్చుంది. ఈసారి అవతలి పిల్లలు నెమ్మది బంతి రాకముందే బ్యాట్లు ఊపేసి దిక్కులు చూశారు. మనవాళ్లు గెలిచారు.

మందుల షాపాయన అందరికీ వినపడేలా అన్నాడు. "చూశారా? కెమెరా లేకపోయేసరికి అంతా చక్కబడింది."

నీళ్లు తాగుతున్న చిట్టి సీసా దింపేసింది. "అంకుల్, పిన్ని కాదు. నేనే. నెమ్మది బంతి వేసేముందు నా నాలుక ఇలా వెళ్లేది." అని బుగ్గ ఉబ్బించి చూపించింది. పిల్లలు గొల్లుమన్నారు. చిట్టి కూడా నవ్వింది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ఆ ఫోటోలేవీ?" అన్నాడాయన పిన్ని వైపు తిరిగి.

"చెరిపేశాను."

"చెరిపేశారా!" అని ఆయన తల పంకించాడు. వెనక ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు చూసుకున్నారు. ఇది ఇంట్లో అల్లుకున్న కథేనని వాళ్లు ఆ తర్వాత కూడా అనుకుంటూనే ఉన్నారు.

చిట్టి వాళ్ల కోచ్ మాత్రం మర్నాడే ఫోన్ చేసి, అవతలి కొసకి వెళ్లొద్దని, పక్క కంచె దగ్గర తీసుకోమని చెప్పాడు. పిన్ని వెళ్లి గడ్డిలో మోకాళ్లు ఆనించింది. కాసేపటికి అక్క మెట్లు దిగి వచ్చి పక్కన కూలబడింది.

"ఆ రోజు కారులో..." అని ఆగిపోయింది.

"తలకాయ అడ్డం తియ్యవే అక్కా, చిట్టి విసురుతోంది," అంది పిన్ని. అక్క తల వంచి, చెల్లెలి భుజానికి ఆనుకుని కూర్చుంది.