శౌరమ్మ కుడిచెయ్యి

సూర్యాపేట దవాఖానాలో డాక్టర్లు "ఇంటికి తీసుకుపొండి" అంటే అర్థం ఏమిటో మిర్యాలగూడ ధాన్యం వ్యాపారి ఇన్నారెడ్డికి విడమరచి చెప్పనక్కర్లేదు. పనికిరాదని మిల్లు తిప్పి పంపిన లారీలను అతను చాలా చూశాడు. తల్లి శౌరమ్మకు కుడిపక్క మొత్తం పడిపోయింది. మూతి ఓ పక్కకు జారింది. కళ్లు మాత్రం ఎప్పటిలాగే నిలదీస్తున్నాయి.

ఇన్నారెడ్డి భయం ఆమె చావు గురించి కాదు, పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, దివ్యసత్ప్రసాదం తీసుకోకుండా పోతుందేమోనని.

మేత్రాణుల, అంటే బిషప్‌గారి ఉత్తరం గుడిలో చదివినప్పటి నుంచి ఆమె ప్రసాదానికి లేవడం మానేసింది. ఇక నాలుక మీద ఇవ్వరు, చేతిలోనే తీసుకోవాలి అన్నది ఆజ్ఞ. ఎడమ అరచేతిలో పట్టి కుడిచేత్తో నోట్లో వేసుకొమ్మని ఫాదర్ చిన్నప్ప చేసి చూపించాడు. గుడిలో సగం మంది గొణిగారు. శౌరమ్మ కొంగు సర్దుకుని గట్టిగానే అడిగింది.

"కడుక్కునే చెయ్యి ఫాదర్ అది! గా చేతిల దేవుణ్ణి పెడ్తరా?"

"అయితే కుడిచేతిల పట్టమ్మా, ఎవరొద్దన్నరు?"

"పట్టినంక నోట్లకెట్ల పోవాలె? ఎడమచెయ్యే గదా తియ్యాలె? లేకుంటే కోడి లెక్క పొడుసుకొని తినాల్నా?"

అందరూ నవ్వారు. గుడి వ్యవహారాలు చూసే విచారణ సంఘం పెద్దగా ఇన్నారెడ్డి లేచి నిలబడ్డాడు. "మేత్రాణులు చెప్పినంక ఇగ మాటల్లేవు. అందరం ఇంటున్నం" అన్నాడు. పక్క ఊరి విచారణలో ఇలాంటి పేచీకే గుడికి తాళం పడింది. వింటే పోయేది ఒక అలవాటు, వినకపోతే పోయేది గుడి. బేరం లాభమే అనుకున్నాడు. ఆ నష్టం మొత్తం తన తల్లి నెత్తిన పడుతుందని ఆ రోజు తోచలేదు.

ఇప్పుడు ఇంటికొచ్చిన ఫాదర్ చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు పూసే తైలం పూసి, అప్పం ఉన్న వెండి డబ్బీ తెరవబోతుంటే ఇన్నారెడ్డి అతణ్ణి తలుపు దగ్గరికి లాగాడు.

"ఫాదర్, జర నాలుక మీద పెట్టండి. ఈ అర్రల మనం ముగ్గురమే. ఎవరికి తెలుస్తది?"

చిన్న వయసు ఫాదర్. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "మీరే ముందుగల్ల లేసి మాటిచ్చిండ్రు. ఇయ్యాల మీ ఇంట్ల పెడితే, వచ్చే ఆదివారం గుడి మొత్తం నోరు తెరుస్తది. నేనేం జెప్పాలె?"

తన మాటే తనకు ఎదురొచ్చింది. ఇన్నారెడ్డి మంచం దగ్గరికి నడిచాడు. తల్లి ఊపిరి గొంతులో గురగురమంటోంది. బతికున్న ఒక్క ఎడమచేతినీ ఆమె నడుము కింద దాచేసుకుంది.

"అమ్మా, ఒక్కసారి ఆ చెయ్యి ఇయ్యి."

"సచ్చినా... ఇయ్య."

గురగుర ఆగింది. మళ్లీ మొదలైంది. ఇంకెంత సేపు? కుడిచెయ్యి పడిపోయింది, ఎడమచెయ్యి పనికిరాదు, నాలుక కుదరదు. ఎటు తిప్పినా లెక్క తెగలేదు. లెక్కలో ఇంకో చెయ్యి ఉందని అప్పుడు తట్టింది.

ఆమె చచ్చుబడిన కుడిచేతిని తన కుడి అరచేతిలోకి ఎత్తుకున్నాడు. చల్లగా, తడిసిన గోనెలా బరువుగా ఉంది.

"పెట్టండి ఫాదర్. చేతిలనే."

"క్రీస్తు శరీరం."

"ఆ... మెన్."

అప్పం ఆమె చేతిలో నిలిచింది. ఇన్నారెడ్డి లేపుతుంటే చెయ్యి వాలింది, అప్పం అంచుకు జారింది. నేలపడితే? మోకాలు మంచానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆ చేతిని ఆమె నోటికి చేర్చాడు. వంకరపోయిన పెదాలు మూసుకున్నాయి. గొంతు కదిలింది.

అప్పుడు కనిపించింది. ఆమె అరచేతి గీతలో తెల్లటి రవ్వంత అప్పం తునక. తునకైనా దేవుడే. శౌరమ్మ కళ్లు దాని మీదే ఉన్నాయి.

వేలితో తీస్తే రాలిపోతుందని భయమేసింది. ఇన్నారెడ్డి వంగి, తల్లి చేతిలోంచి దాన్ని నాలుకతో అందుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, నాలుక మీద తీసుకోమని గుడిలో ముందు మాటిచ్చింది తనే. ఫాదర్ చూశాడా?

ఫాదర్ కిటికీ వైపు తిరిగి, కొవ్వొత్తికి గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు. బయట ఆకు కూడా కదలడం లేదు.